గణిత సమస్యలో తెలుగు వాక్యం: బీజగణితం, రేఖాగణితం, సంభావ్యత – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పాఠశాల గణితంలో మాటలతో అడిగే లెక్కను పుస్తకాలు పదసమస్య అంటే, పిల్లలు రాతలెక్క అంటారు. ఈ లెక్క తెలుగులో కష్టంగా ఉండడానికి సంస్కృత పారిభాషిక పదాలే కారణమని తరచుగా వినిపించే అభిప్రాయం. పదాల కంటె వాక్యమే, అందులోనూ అసమాపక క్రియల వాడుకే, అసలు కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. క్త్వార్థకం, చేదర్థకం, అప్యర్థకం అనే మూడు క్రియారూపాలు గణితంలో ఏ పని చేయగలవో, అనువాద వాక్యం వాటిని ఎక్కడ వదులుకున్నదో నమూనా సమస్యలతో పరిశీలిస్తుంది. సంభావ్యతకు సంబంధించి తెలుగు ఛందస్సులోని లెక్కలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పదసమస్య, అసమాపక క్రియ, అవ్యక్తం, దృశ్యం, ప్రస్తారం, ఉద్దిష్టం, సంభావ్యత.

1. ప్రవేశిక

శాస్త్రసాహిత్యం అనగానే తెలుగు శాఖలలో మొదట వినిపించే పేరు పావులూరి మల్లన. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని సారసంగ్రహ గణితంగా తెలుగు పద్యంలోకి తెచ్చినవాడని చెబుతాం. రాజరాజనరేంద్రుని నుంచి నవఖండవాడను పొందినవాడే గ్రంథకర్తా, లేక అదే పేరు గల మనుమడా అని చర్చిస్తాం. మూలంలోని జైన ఉదాహరణల స్థానంలో శైవ ఉదాహరణలు చేరిన సంగతిని గుర్తిస్తాం. సాధారణంగా అక్కడితో ఆగుతాం. ఒక లెక్కను తెలుగులో అడగడం అంటే ఏమిటి, తెలిసిన రాశిని వాక్యంలో ఎక్కడ పెట్టాలి, తెలియనిదాన్ని ఏ మాటతో పిలవాలి అన్న ప్రశ్నలు మన సాహిత్యచరిత్రలలో అరుదు. కాలనిర్ణయానికి ఇచ్చిన పుటలతో పోలిస్తే వాక్యనిర్మాణానికి దక్కినవి చాలా తక్కువ.

ఈ ఉదాసీనత ప్రాచీన గ్రంథాల వరకే పరిమితమైతే నష్టం పరిశోధకులది. అదే ధోరణి ఇవాళ్టి గణిత పాఠ్యపుస్తకం మీద కూడా కొనసాగుతున్నది. తెలుగు వాచకంలోని ఒక పాఠం గురించి పత్రాలు సమర్పించే మనం, అదే విద్యార్థి అదే రోజు చదివే గణిత పుస్తకంలోని తెలుగు వాక్యాన్ని మన పరిధిలోనిదిగా భావించం. కూడికలు, భాగహారాలు తడబడకుండా చేసే విద్యార్థి రాతలెక్క దగ్గర ఆగిపోతే, అతనికి గణితం రాదని తీర్పు ఇస్తాం. అతనికి అందనిది గణితమా, వాక్యమా అన్నది తేల్చవలసిన బాధ్యతలో తెలుగు అధ్యాపకులకూ భాగం ఉంది.

ఇక్కడ ఉదాహరించిన నమూనా సమస్యలు పాఠ్యపుస్తకాల, పరీక్షపత్రాల శైలిని అనుసరించి కూర్చినవి. ఏ పుస్తకం నుంచీ ఎత్తి రాసినవి కావు.

2. ‘అయిన’ – ఒక క్రియారూపం చేసే చిక్కు

మొదటి నమూనా: “ఒక సంఖ్య యొక్క మూడు రెట్ల నుండి 5 తీసివేయగా వచ్చు ఫలితము, ఆ సంఖ్యకు 7 కలుపగా వచ్చు ఫలితమునకు సమానము అయిన ఆ సంఖ్యను కనుగొనుము.”

ఈ వాక్యంలో కఠిన పదం ఒక్కటీ లేదు. సంఖ్య, రెట్లు, ఫలితం, సమానం అన్నీ ఏడవ తరగతి విద్యార్థికి తెలిసినవే. అయినా వాక్యం మొదటి చదువులో లొంగదు. కారణం ‘అయిన’.

ప్రాచీన భాషలో చేదర్థకం ‘అయినన్’. ఇది ద్రుతాంతం. ద్రుతం రాలిపోతే మిగిలేది ‘అయిన’. కావ్యభాష అలవాటున్నవారు దీన్ని ‘అయితే’ అని గ్రహిస్తారు. విద్యార్థి వాడుకలో మాత్రం చేదర్థకం ‘అయితే’ ఒక్కటే. అతనికి ‘అయిన’ అంటే క్రియాజన్య విశేషణం – ‘పెళ్ళి అయిన అమ్మాయి’, ‘పూర్తి అయిన పని’ వంటిది. కాబట్టి ‘సమానము అయిన ఆ సంఖ్య’ అని చదవగానే, సమానమైనది ఆ సంఖ్యే అనుకుంటాడు. దేనికి సమానం? ముందున్న ఫలితానికి. మూడు రెట్లలో 5 తీసివేస్తే వచ్చేదే తాను కనుగొనవలసిన సంఖ్య అని పొరబడడానికి ఈ వాక్యంలో పూర్తి అవకాశం ఉంది. ఆ పొరపాటును గణిత దోషంగా దిద్దుతాం.

ఇంకొక దగ్గరి రూపం అప్యర్థకం: ‘అయినను’, వాడుకలో ‘అయినా’. దీర్ఘం ఒక్కటే తేడా. పైకి చదివేటప్పుడు ‘అయిన’ దగ్గర కాస్త ఆగితే చివరి అచ్చు సాగి ‘అయినా’గా వినిపిస్తుంది. బీజగణితంలో దీనివల్ల గందరగోళం మాత్రమే పుడుతుంది. రేఖాగణితంలో తర్కమే తలకిందులవుతుంది. “ఒక త్రిభుజంలో రెండు భుజాలు సమానము అయిన, వాటి ఎదుటి కోణాలు సమానము” అన్న వాక్యాన్ని చూడండి. ఇక్కడ కావలసినది నియమం – భుజాలు సమానమైతే కోణాలు సమానం. ‘అయినా’ అని వింటే అది మినహాయింపు అవుతుంది: భుజాలు సమానమైనప్పటికీ కోణాలు సమానమేనట! నియమానికీ మినహాయింపుకూ తేడా తెలియకపోతే విపర్యయ సిద్ధాంతం బోధపడదు. కోణాలు సమానమైతే భుజాలు సమానం అన్నది వేరే సిద్ధాంతమనీ, దాన్ని వేరుగా నిరూపించాలనీ తెలియడానికి ‘అయితే’కు ముందు ఏముందో, తరువాత ఏముందో స్పష్టంగా వినిపించాలి.

ఇటీవలి పుస్తకాలలో ‘అయితే’, ‘అయినచో’ కూడా కనిపిస్తున్నాయి. కాని పరీక్షపత్రాలలో ‘అయిన’ ఇంకా గట్టిగానే నిలిచి ఉంది. పొట్టిగా ఉండడం దాని సౌకర్యం కావచ్చు. వ్యావహారిక భాషావాదం పత్రికలోనూ, కథలోనూ, విమర్శలోనూ గెలిచిన తరువాత కూడా ఒక గ్రాంథిక చేదర్థకం గణిత పరీక్షలో బతికి ఉండడం భాషాచరిత్ర విద్యార్థికి ఆసక్తికరమైన విషయమే. పరీక్ష రాసేవాడికి కాదు.

3. బీజగణితం: అసమాపక క్రియ చేసే పని

రెండవ నమూనాను రెండు విధాలుగా చెప్పి చూద్దాం.

(అ) “ఒక సంఖ్య యొక్క మూడు రెట్లు మరియు 5ల భేదములో సగము 11. ఆ సంఖ్యను కనుగొనుము.”
(ఆ) “ఒక సంఖ్యను మూడింతలు చేసి, అందులోంచి 5 తీసేసి, మిగిలినదాన్ని 2తో భాగిస్తే 11 వచ్చింది. ఆ సంఖ్య ఎంత?”

మొదటి వాక్యం నామవాచకాలతో నడుస్తుంది: రెట్లు, భేదం, సగం. ఏది ముందు చేయాలో, ఏది తరువాతో నామవాచకం చెప్పదు. దేనిలోంచి దేన్ని తీయాలో ‘భేదం’ చెప్పదు. 5లోంచి మూడు రెట్లను తీసినా అది భేదమే. అప్పుడు జవాబు రుణభిన్నం అవుతుంది. ‘మరియు’ వచ్చి ‘ఒక సంఖ్య యొక్క’ అన్నది ఎంతవరకు వర్తిస్తుందో తెలియకుండా చేస్తుంది. లెక్క రాసినవారు మనసులో కుండలీకరణాలు పెట్టుకున్నారు, వాక్యంలో పెట్టలేదు.

రెండవ వాక్యానికి కుండలీకరణాలు అక్కరలేదు. ‘చేసి’, ‘తీసేసి’ అనే క్త్వార్థకాలు కాలక్రమాన్ని తమలోనే మోస్తాయి. తెలుగులో క్త్వార్థకం ముందు జరిగిన పనినే చెబుతుంది. వరుస మార్చడానికి వీలు లేదు. ఆ కారణంగానే సాధన కూడా వాక్యంలోనే దొరుకుతుంది. క్రియలను వెనుకనుంచి చదివి, ఒక్కొక్కదాన్ని తిరగవేస్తే చాలు: 11ను రెట్టింపు చేస్తే 22, 5 కలిపితే 27, మూడింట ఒక వంతు 9. ఆర్యభటీయం నాటికే (499) చెప్పిన వ్యస్తవిధి ఇదే. అవధాని సమస్యాపూరణంలో చేసేదీ కొంతవరకు ఇలాంటిదే. చివరి పాదం ముందే చేతిలో ఉంటుంది, దానికి దారితీసే పాదాలను వెనక్కి నడిచి కట్టాలి. గణితానికీ అవధానానికీ ‘సమస్య’ అన్న ఒకే మాట కుదరడం యాదృచ్ఛికమే అయినా అర్థవంతంగా ఉంది.

ఇంతవరకూ అంకగణితమే. బీజగణితం ఎప్పుడు అవసరమవుతుంది? అవ్యక్తం వాక్యంలో రెండవసారి వచ్చినప్పుడు. మొదటి నమూనాలో ‘ఆ సంఖ్యకు’ అని మళ్ళీ అనవలసి వచ్చింది. అక్కడ వెనుకనుంచి చదవడం పనిచేయదు, ఎందుకంటే వెనుక తెలిసిన సంఖ్య లేదు. రెండు దారులు ఒకచోట కలుస్తున్నాయని మాత్రమే తెలుసు. దీన్ని చెప్పడానికి తెలుగులో ఒక సహజమైన నిర్మాణం ఉంది. ‘ఉన్నా ఒకటే, పోయినా ఒకటే’ అంటాం. ఆ నిర్మాణంలో మొదటి నమూనాను ఇలా అడగవచ్చు:

“ఒక సంఖ్యను మూడింతలు చేసి 5 తీసేసినా, అదే సంఖ్యకు 7 కలిపినా వచ్చేది ఒకటే. ఆ సంఖ్య ఎంత?”

ఈ వాక్యంలో ‘తీసేసినా – కలిపినా – ఒకటే’ అన్న అప్యర్థకాల జంట సమానత్వ చిహ్నం చేసే పనే చేస్తుంది. చిహ్నానికి ఎడమవైపు ఏముందో, కుడివైపు ఏముందో చెవికి వినిపిస్తుంది. తరువాతి మెట్టు కూడా మాటల్లోనే సాగుతుంది: రెండు వైపులా ఒక్కొక్క సంఖ్యను తీసేస్తే, ఒకవైపు రెండింతల్లోంచి 5 పోయినది, మరొకవైపు 7. కాబట్టి రెండింతలు 12, సంఖ్య 6. సరిచూస్తే 18లోంచి 5 పోతే 13, 6కు 7 కలిస్తే 13.

అసమాపక క్రియలకు ఈ విధంగా పనులు పంచవచ్చు. క్త్వార్థకం క్రియల వరుసను చెబుతుంది, చేదర్థకం దత్తాంశాన్ని నిలబెడుతుంది, అప్యర్థకాల జంట సమీకరణాన్ని కడుతుంది. తెలుగు వ్యాకరణం చదివిన ప్రతివారికీ ఈ మూడూ తెలుసు. వాటిని గణిత వాక్యానికి అన్వయించడమే మిగిలింది.

అయితే వాడుక వాక్యం దోషరహితం కాదు. తెలుగు కర్మపదాన్ని సులభంగా లోపింపజేస్తుంది. పై వాక్యంలో ‘అదే సంఖ్యకు’ అన్న రెండు మాటలు తీసేసి “మూడింతలు చేసి 5 తీసేసినా, 7 కలిపినా” అంటే మాట్లాడేవారికి లోటు తోచదు. కాని 7 కలపవలసినది సంఖ్యకా, మూడింతలకా తెలియదు. సంభాషణలో అధ్యాహారం అందం. లెక్కలో దోషం. ‘మూడు రెట్లు ఎక్కువ’ అన్న ప్రయోగం కూడా అటువంటిదే. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు ‘ఎక్కువ’ అంటే వాడుకలో మూడు రెట్లే. మాటను పట్టుకుంటే నాలుగు రెట్లు. “తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు. పదేళ్ళు గడిస్తే రెట్టింపే అవుతుంది” అంటే కొడుకు 10, తండ్రి 30 అని ఒకే జవాబు వస్తుంది. ‘ఎక్కువ’ అన్న మాటను చేర్చితే నాలుగు రెట్లుగా తీసుకున్న విద్యార్థికి 5, 20 వస్తాయి. పదేళ్ళ తరువాత 15, 30 – అదీ సరిపోతుంది! తప్పు జవాబు కూడా సరిచూసుకుంటే నిలబడేంత చక్కగా ఉండడం ఈ మాటలోని ప్రమాదం.

4. దృశ్యం, అదృశ్యం

గణితసారసంగ్రహం తొమ్మిదవ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో వచ్చింది. అందులోని ప్రకీర్ణక ప్రకరణం భిన్నాల సమస్యలను భాగజాతి, శేషజాతి, మూలజాతి మొదలైన జాతులుగా విభజిస్తుంది. మొత్తంలో భాగాలు తీస్తే భాగజాతి. మిగిలినదానిలో భాగం, మళ్ళీ మిగిలినదానిలో భాగం తీస్తే శేషజాతి. వర్గమూలం వస్తే మూలజాతి. లెక్కలోని కథ మారినా జాతి మారదు. అంటే వర్గీకరణకు ఆధారం వస్తువు కాదు, వాక్యం. ఇవాళ పాఠ్యపుస్తకం ‘వయసుల లెక్కలు’, ‘పడవల లెక్కలు’, ‘పని–కాలం’ అని వస్తువును బట్టి విభజిస్తుంది. ఏది ఉపయోగకరమో చెప్పడం కష్టం కాదు.

ఈ సంప్రదాయంలో చివరికి మిగిలి కంటికి కనబడే తెలిసిన రాశికి పేరు దృశ్యం. భాస్కరాచార్యుని లీలావతిలోని (1150) తుమ్మెదల లెక్క ప్రసిద్ధం. ఒక తుమ్మెదల గుంపులో ఐదవ వంతు కడిమి చెట్టుకు, మూడవ వంతు శిలీంధ్ర పుష్పానికి, ఆ రెండు భాగాల తేడాకు మూడింతలు కుటజానికి వెళ్ళాయి. కేతకీ మాలతీ పరిమళాల మధ్య ఎటూ తేల్చుకోలేక ఒక్క తుమ్మెద ఆకాశంలో మిగిలింది. మొత్తం 15: మూడు, ఐదు, ఆరు, ఒకటి.

ఈ లెక్కలోని కవిత్వాన్ని పైపూతగా భావించడం పరిపాటి. నా అభిప్రాయం వేరు. వర్ణన అంతా ఆ ఒక్క తుమ్మెద మీదనే కేంద్రీకృతమై ఉంది. లెక్కకు ఆధారమైన దృశ్యరాశి కూడా అదే. పాఠకుడి కన్ను ఎక్కడ ఆగుతుందో గణితం అక్కడే మొదలవుతుంది. వర్ణనను తీసేస్తే లెక్కలోని తెలిసిన రాశి కూడా పోతుంది. దీన్నే ఇప్పటి శైలిలోకి మార్చి చూద్దాం: “రాజు తన వద్దనున్న డబ్బులో 1/5 వంతు పుస్తకాలకు, 1/3 వంతు బట్టలకు, వాటి భేదమునకు 3 రెట్లు ప్రయాణమునకు ఖర్చు చేయగా ఇంకను 1000 రూపాయలు మిగిలెను. మొదట ఎంత ఉండెను?” జవాబు 15,000. గణితం అదే. కాని పుస్తకాలకూ బట్టలకూ పెట్టిన ఖర్చుల తేడా చూసి దానికి మూడింతలు ప్రయాణానికి పెట్టే మనిషి ఎక్కడా ఉండడు. తుమ్మెదలు కూడా అలా లెక్కవేసుకోవన్నది నిజమే. పద్యం మాత్రం తాను వినోదమని ముందే ఒప్పుకుంటుంది. గద్యం ‘నిత్యజీవిత అనువర్తనం’ అన్న శీర్షిక కింద నిలబడి నమ్మమంటుంది. నమ్మలేని కథను నమ్మినట్టు నటించడం రాతలెక్కల మొదటి పాఠం కావడం విచారకరం.

5. రేఖాగణితం: పటాన్ని గీయించే వాక్యం

రేఖాగణిత సమస్యలో విద్యార్థి మొదట చేయవలసిన పని వాక్యాన్ని పటంగా మార్చడం. “భూమిపై గల ఒక బిందువు నుండి ఒక గోపురము పై భాగమును 30° ఊర్ధ్వకోణముతో చూడవచ్చును. ఆ బిందువు గోపుర పాదము నుండి 30 మీటర్ల దూరములో నున్న గోపురము ఎత్తు ఎంత?” అన్న నమూనాను చూద్దాం. సాధన తేలికే: 30ని మూడు వర్గమూలంతో భాగిస్తే 10√3 మీటర్లు.

ఈ వాక్యంపై ఫిర్యాదు వస్తే మొదటి వేలు ‘ఊర్ధ్వకోణం’ వైపు చూపిస్తుంది. కాని అది ఒకసారి పటం గీసి చూపిస్తే పట్టుబడే మాట. ‘నిమ్నకోణం’ దానికి జత. ‘సరూపం’ అయితే రూపం ఒకటే అని తానే చెబుతుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి, అంతకుముందూ ఆ తరువాతా పనిచేసిన పదకోశకర్తలు చేసిన కృషిని ‘కఠిన సంస్కృతం’ అన్న ఒక్క మాటతో కొట్టివేయడం న్యాయం కాదు. లంబకోణ త్రిభుజంలో పెద్ద భుజమూ కర్ణమే, దీర్ఘచతురస్రంలో ఎదురు మూలలను కలిపే రేఖా కర్ణమే. ఆంగ్లంలో రెండు వేర్వేరు మాటలుంటే మనకు ఒకటే ఉండడం లోపంగా కనిపించవచ్చు. నిజానికి దీర్ఘచతురస్రాన్ని ఆ రేఖ వెంట కోస్తే వచ్చే రెండు త్రిభుజాలకూ అదే పెద్ద భుజం. ఆ సంబంధాన్ని పేరే దాచి ఉంచింది. ఉపాధ్యాయుడు చెప్పడమే తరువాయి.

చిక్కు ‘గోపురం’లో ఉంది. ఎవరికీ అనుమానం రాని మాట అది. తెలుగు విద్యార్థి చూసిన గోపురం ఆలయ గోపురం. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. దాని శిఖరం నుంచి నిట్టనిలువుగా గీత దింపితే అది గోపుర ద్వారం లోపల ఎక్కడో నేలను తాకుతుంది. ‘గోపుర పాదం’ అంటే బయటి గోడ అంచా, ఆ లోపలి బిందువా? 30 మీటర్లు ఎక్కడినుంచి కొలవాలి? సెల్‌ఫోన్ టవర్ అన్నా, తాటిచెట్టు అన్నా ఈ సందేహం చాలావరకు తీరుతుంది. ఇక్కడ అచ్చతెలుగు, సంస్కృతం, ఆంగ్లం అన్న వాదం పనికిరాదు. ఏ మాట సరైన పటాన్ని గీయిస్తుందన్నదే ప్రమాణం. ‘ఉన్న గోపురము’ దగ్గర మళ్ళీ ఆ ద్రుతం రాలిన చేదర్థకమే ఎదురవుతుందన్నది వేరే సంగతి.

లీలావతిలోని నెమలి–పాము లెక్క ఈ దృష్టితో చదవదగినది. తొమ్మిది మూరల స్తంభం మీద నెమలి, స్తంభం మొదట్లో పాము పుట్ట. స్తంభం ఎత్తుకు మూడింతల దూరంలో, అంటే 27 మూరల దూరంలో పాము పుట్టవైపు వస్తూ కనబడింది. నెమలి ఏటవాలుగా దూకింది. ఇద్దరి నడకా సమానమైతే పుట్టకు ఎంత దూరంలో కలుస్తారు? 12 మూరలు; పాము నడిచినదీ నెమలి ఎగిరినదీ 15 మూరలు. వేటకూ ప్రాణభయానికీ సంబంధించిన ఆ దృశ్యంలో నిలువు, అడ్డం, ఏటవాలు మూడూ కళ్ళకు కడతాయి. స్తంభం భుజమనీ, నెమలి దారి కర్ణమనీ వేరే చెప్పనక్కరలేదు.

6. సంభావ్యత: ప్రస్తారం నేర్పగలిగినది

సంభావ్యత పాఠం నాణేలతో మొదలవుతుంది. మూడు నాణేలు ఎగురవేస్తే ఎన్ని విధాలుగా పడవచ్చు? ఎనిమిది. బొమ్మకు గురువు, బొరుసుకు లఘువు అని పేరు మార్చితే ఇవి మన ఎనిమిది గణాలే: మ, య, ర, స, త, జ, భ, న. సరిగ్గా రెండు బొమ్మలు పడే సంభావ్యత 3/8 అన్నప్పుడు ఆ మూడూ య, ర, త గణాలు. కనీసం ఒక బొమ్మ పడేవి ఏడు. నగణం ఒక్కటే మినహాయింపు. పూరక ఘటన అన్న భావన ఇంతకంటె తేలికగా ఎక్కడా దొరకదు. డిగ్రీలో ఛందస్సు చెప్పేటప్పుడు విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఈ పోలిక చూపితే గణాలు కంఠస్థం చేయడం మాని తామే రాయడం మొదలుపెడతారు.

ఒకటో అక్షరం నుంచి 1, 2, 4, 8 అని రెట్టింపు చేస్తూ వేసుకుని, లఘువుల కింది అంకెలను కూడి 1 చేర్చితే వృత్తసంఖ్య వస్తుందని ఉద్దిష్టం చెబుతుంది. భగణానికి 2, 4 కూడి 1 చేర్చితే 7; ప్రస్తారంలో అది ఏడవది. ఈ పద్ధతిలో ఉత్పలమాల 3,55,799వ వృత్తం, చంపకమాల 7,11,600వది. శార్దూలం 1,49,337వది, మత్తేభం 2,98,676వది. లక్షణగ్రంథాలలో ఈ సంఖ్యలను చదివి దాటిపోతాం. వాటి మధ్య ఒక సంబంధం ఉంది. ఉత్పలమాల మొదటి గురువు స్థానంలో రెండు లఘువులు వేస్తే చంపకమాల. శార్దూలానికి అదే చేస్తే మత్తేభం. కొత్త లఘువులు రెండూ 1, 2 తెస్తాయి; మిగిలిన అక్షరాలన్నీ ఒక్కో స్థానం జరగడంతో వాటి అంకెలు రెట్టింపవుతాయి. అందుచేత పాత వృత్తసంఖ్యను రెట్టింపు చేసి 2 కలిపితే కొత్త వృత్తసంఖ్య రావాలి. 3,55,799కి రెట్టింపు 7,11,598; రెండు కలిపితే 7,11,600. రెండవ జంటకూ అంతే. గురువుతో మొదలయ్యే ఏ వృత్తానికైనా ఈ సూత్రం వర్తిస్తుంది. ఇది తొమ్మిదవ తరగతి బీజగణితం. తెలుగు పరిశోధకుడికి ఛందస్సు.

ఉపజాతులలోనూ ఇటువంటి లెక్క ఉంది. సూర్యగణాలు రెండు, ఇంద్రగణాలు ఆరు. తేటగీతి పాదంలో ఒక సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు, ఇద్దరు సూర్యులు: 2×6×6×2×2 = 288 విధాలు. ఆటవెలది బేసి పాదంలో ముగ్గురు సూర్యులు, ఇద్దరు ఇంద్రులు: అవీ 288. చెవికి అంత భిన్నంగా వినిపించే రెండు పాదాలకు వైవిధ్యం ఒక్కటే. సరి పాదంలో అయిదుగురూ సూర్యులే కాబట్టి 32 విధాలు మాత్రమే. ఆటవెలదిలో ఒక పాదం విప్పారి మరొక పాదం ముడుచుకున్నట్టు వినిపించడానికి ఇది ఒక కారణం కావచ్చు. షడ్రుచులలో ఒకటో, కొన్నో, అన్నీనో కలిపి చేయగల మిశ్రమాలను ఆయుర్వేదం 63గా లెక్కించింది. ఉగాది పచ్చడి వాటిలో చిట్టచివరిది. కొన్ని వస్తువులలోంచి కొన్నిటిని ఎన్ని విధాలుగా ఎంచవచ్చో చెప్పే సాధారణ సూత్రాన్ని మహావీరాచార్యుడు ఇచ్చాడు.

ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నా ఒక హద్దు చెరపకూడదు. లెక్కించడం వేరు, సంభావ్యత వేరు. ఇరవై అక్షరాల పాదాలు 10,48,576 ఉన్నాయి, ఉత్పలమాల అందులో ఒకటి. కాబట్టి ఒక పాదం ఉత్పలమాల అయ్యే సంభావ్యత పది లక్షల పైచిలుకులో ఒకటి అనడం నాణెం ఎగురవేసి పాదం రాసేవాడి విషయంలోనే సరి. కవి నాణెం ఎగురవేయడు. తెలుగు మాటలలో గురులఘువులు సమానంగా పడతాయన్న హామీ కూడా లేదు. పాఠశాల నిర్వచనంలో ‘సమసంభవ’ అన్న విశేషణం ఉన్నది ఇందుకే. ఛందస్సులో గణితాన్ని చూపి గర్వించే వ్యాసాలు ఈ విశేషణం దగ్గర నిలబడి ఆలోచించవలసి ఉంది. మన పూర్వులకు సంభావ్యతాశాస్త్రం తెలుసునని ప్రస్తారం నిరూపించదు. సంయోగాలను క్రమపద్ధతిలో లెక్కించడం తెలుసునని నిరూపిస్తుంది. అదేమీ తక్కువ సంగతి కాదు.

సంభావ్యత సమస్యల వాక్యంలో మళ్ళీ క్త్వార్థకమే ఆదుకుంటుంది. “సంచిలో 3 ఎర్ర, 2 నల్ల బంతులు గలవు. పునఃస్థాపన లేకుండా యాదృచ్ఛికముగా రెండు బంతులు తీయబడినవి. రెండును ఎర్రవగు సంభావ్యత ఎంత?” దీన్ని “చూడకుండా ఒక బంతి తీసి, దాన్ని పక్కన పెట్టి, ఇంకొకటి తీస్తే రెండూ ఎర్రవే అయ్యే సంభావ్యత ఎంత?” అంటే మొదటి బంతికి 3/5, రెండవదానికి 2/4, మొత్తం 3/10 అని దారి కనిపిస్తుంది. ‘పక్కన పెట్టి’ బదులు ‘తిరిగి సంచిలో వేసి’ అంటే 9/25. రెండు లెక్కల మధ్య తేడా ఒక్క క్త్వార్థకంలో ఉంది. ‘తీయబడినవి’ అన్న కర్మణి ప్రయోగం చేసే మనిషినీ, చేసిన క్రమాన్నీ రెండింటినీ మాయం చేస్తుంది.

7. ఎదురెదురు పుటలు

రెండు తెలుగు రాష్ట్రాలూ ఇటీవలి సంవత్సరాలలో ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలను తెచ్చాయి. బోధనామాధ్యమం గురించిన వాదాన్ని ఇక్కడ తలకెత్తుకోవడం లేదు. వాక్యం మీద దీని ప్రభావం మాత్రం పరిశీలించదగినది. ఎదురెదురుగా ముద్రించినప్పుడు రెండు పుటలూ వాక్యానికి వాక్యం సరిపోవాలన్న ఒత్తిడి అనువాదకుడిపై ఉంటుంది. ఆంగ్లంలో నియమాన్ని తెలిపే మాట వాక్యం మొదట వస్తుంది. తెలుగులో అది క్రియ చివర చేరుతుంది. మొదట ఏదో ఒకటి ఉండాలని ‘ఒకవేళ’ చేరుస్తారు. తెలుగులో ‘ఒకవేళ’ అనుమానాన్ని సూచిస్తుంది: ఒకవేళ వర్షం వస్తే గొడుగు తీసుకో. గణితంలో దత్తాంశం అనుమానం కాదు. త్రిభుజం లంబకోణ త్రిభుజమని ఇచ్చారంటే ఇచ్చినట్టే. “ఒకవేళ త్రిభుజము లంబకోణ త్రిభుజము అయిన” అని చదివిన విద్యార్థి, కాకపోతే ఏమిటి అని ఆలోచించడం మొదలుపెడితే ఆ తప్పు వాక్యానిదే.

ముద్రణకు ముందు తెలుగు పుటను ఆంగ్ల పుట మూసి ఒక విద్యార్థి చేత పైకి చదివించి, ఏది తెలుసు, ఏది తెలియదు, ముందు ఏం చేయాలి అని మూడు ప్రశ్నలు అడగడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఈ పనిలో గణిత ఉపాధ్యాయుడి పక్కన వ్యాకరణం తెలిసిన తెలుగు అధ్యాపకుడు కూర్చోవాలి. సారసంగ్రహ గణితంలోని సమస్యా పద్యాలను కూడా ఇదే దృష్టితో, చేదర్థకం ఎక్కడ పడింది, దృశ్యరాశి ఏ పాదంలో వచ్చింది, అవ్యక్తాన్ని ఏ సర్వనామంతో పిలిచారు అని వర్గీకరిస్తే ఒక సిద్ధాంతగ్రంథానికి సరిపడినంత సామగ్రి ఉంటుంది. ఆ పట్టికలో మొదటి నిలువు వరుస జాతి పేరు కావాలి. తుమ్మెదలా, నెమళ్ళా అన్నది చివరి వరుసలో చేరితే చాలు.